ఒకటో తరగతి టీచరు ఎవరండీ?

ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా నాలుగు బడుల మెట్లెక్కి దిగాను. మా పాపకి మొన్న ఏప్రిల్లో ఆరేళ్లు నిండాయి. జూన్‌లో ఒకటో తరగతి. నాలుగు చోట్లా ఏసీ గదిలో కూర్చోబెట్టారు. మూడు చోట్ల కాఫీ ఇచ్చారు, ఒకచోట బాదంపాలు. రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టారు. ఈత కొలను ఉందన్నారు, రోబోటిక్స్ ల్యాబ్ ఉందన్నారు. ఒక బడిలో అయితే గుర్రం కూడా ఉంది, కానీ ఎక్కించేది మూడో తరగతి నుంచేనట. అన్నీ విన్నాక నాలుగు చోట్లా నేను అడిగింది ఒకే మాట. "ఒకటో తరగతికి పాఠం చెప్పే టీచరు ఎవరండీ? ఒక్కసారి చూసి, పలకరించి వెళ్తాను."

ఎక్కడా పేరు చెప్పలేదు. మొదటిచోట "మా దగ్గర అందరూ వెల్ క్వాలిఫైడ్ మేడమ్" అన్నారు. రెండోచోట సెక్షన్లు ఇంకా అలాట్ చేయలేదన్నారు. మూడోచోట ప్రిన్సిపాల్‌గారు నా అమాయకత్వానికి నవ్వి, "టీచరు ఎవరైతే ఏముందమ్మా, ఏ రోజు ఏ పేజీ చెప్పాలో మా హెడ్డాఫీసు నుంచే వస్తుంది" అని గర్వంగా చెప్పారు. నాలుగోచోట అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, "అది జూన్‌లో గానీ తెలీదు మేడమ్, స్టాఫ్ మారుతుంటారు కదా" అనేసి నాలుక్కరుచుకుంది. నాలుగు జవాబుల్లో నిజం అనిపించింది అదొక్కటే.

ఈ ప్రశ్న నాకు ఏ విద్యావేత్త పుస్తకంలోంచో రాలేదు. తెనాలిలో పోస్టాఫీసు కౌంటరు మీద పనిచేస్తాను నేను. అక్కడ ఆర్డీ పాసుపుస్తకాల్లోంచి వచ్చింది.

ఆర్డీ అంటే నెలనెలా కట్టుకునే పొదుపు. ఐదేళ్లు, అరవై కిస్తీలు. కిస్తీ తప్పితే వందకి నెలకి రూపాయి చొప్పున జరిమానా. వరసగా నాలుగు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లో బతికించుకోవాలి. ఊళ్లో ప్రైవేటు బడి టీచర్లు చాలామంది ఐదొందలో వెయ్యో మా దగ్గర కడతారు. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే పరుగెత్తుకొస్తారు, చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి కూడా దులుపుకోరు. అలాంటి ఒకావిడ పాసుపుస్తకం ఐదేళ్లు నా చేతుల మీదుగా నడిచింది. జూన్ నుంచి మార్చి దాకా కిస్తీ ఠంచనుగా పడేది. ఏప్రిల్, మే ఖాళీ. మళ్లీ జూన్‌లోనో జులైలోనో జరిమానాతో సహా మూడు నెలలది ఒక్కసారే. ప్రతి ఏడూ ఇదే వరస. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "వేసవికి జీతం ఉండదు మేడమ్, మాది పది నెలల కొలువు" అంది. జూన్‌లో ఇంకో బడివాళ్లు వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామంటే అక్కడికి వెళ్లడం. ఆర్డీ పూర్తయ్యే లోపల ఆవిడ మెడలో ఐడీ కార్డు తాడు నాలుగు రంగులు మారింది. చివరిసారి డబ్బు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆకుపచ్చ తాడు.

ఆవిడ మంచి టీచరు అయి ఉంటుందనే అనుకుంటాను. జరిమానా రెండు రూపాయలు ఎక్కువ రాస్తే కూడిక ఎక్కడ తప్పానో నాకే చూపించింది, అదీ నొప్పించకుండా. అలాంటి మనిషి దగ్గర ఒకటో తరగతిలో చేరిన పిల్ల రెండో తరగతికి వచ్చేసరికి ఆవిడ ఆ బడిలో లేదు. పిల్ల ఎడమచేత్తో రాస్తుందనీ, ఒత్తులు పలుకుతుంది గానీ రాయదనీ, అన్నం డబ్బా మూత తీయడం రాక తిననే లేదనీ కనిపెట్టిన మనిషి ఆ సమాచారమంతా తనతోనే పట్టుకుపోయింది. తర్వాత వచ్చినావిడ మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఆరేళ్ల పిల్లకి బడి అంటే ప్రహరీ, బస్సు, యూనిఫాం కాదు. ఒక మనిషి. పదో తరగతికి వచ్చాక సబ్జెక్టుకొకరు ఉంటారు, ఒకరు పోతే ఇంకొకరు సర్దుతారు. ఒకటో తరగతిలో ఆ ఒక్కరే అక్షరం, ఆ ఒక్కరే అంకె, ఏడిస్తే ముక్కు తుడిచేదీ ఆ ఒక్కరే.

మరి మనం చూసేదేమిటి? తెనాలి నుంచి గుంటూరు వెళ్లే దారిలో హోర్డింగులు చూడండి. పదో తరగతి మార్కులు, జేఈఈ ర్యాంకులు, బూరెబుగ్గల పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు. ఆరేళ్ల పిల్లని ఎక్కడ చేర్పించాలో తేల్చుకోవడానికి పదిహేడేళ్ల పిల్లాడి ర్యాంకు చూస్తున్నాం. పెళ్లిచూపులకి వెళ్లి పెళ్లికూతురి తాతగారి ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకుని వచ్చినట్టుంది.

రెండో బడిలో జరిగింది కూడా చెప్పాలి. "పాపని ఒక్కసారి ఇంటరాక్షన్‌కి తీసుకురండి" అన్నారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ వడపోత పెట్టకూడదని అందులో 13వ సెక్షన్ చెబుతుంది. పెడితే మొదటిసారి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. అందుకని దాన్ని పరీక్ష అనరు, ఇంటరాక్షన్ అంటారు. అద్దాల గదిలో చిన్న కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక మేడమ్ రంగుల అట్టలు ఒక్కొక్కటే చూపించింది. ఎరుపు చెప్పింది, పసుపు చెప్పింది. మూడో అట్ట చూసి మా పాప హుషారుగా "వంకాయ రంగు!" అంది. మేడమ్ కాగితం మీద ఏదో గీసుకుని, "ఇన్ ఇంగ్లిష్, బేబీ?" అంది. పాప నా మొహం చూసింది. ఆ తర్వాత చూపించిన అట్టలకి వేటికీ నోరు విప్పలేదు. స్కూటీ మీద ఇంటికొస్తుంటే వెనకనుంచి అడిగింది: "అమ్మా, వంకాయ తప్పా?"

సెక్షన్ నంబరుతో సహా తెలిసిన దాన్ని, ఆ గదిలో నేనూ నోరెత్తలేదు. సీటు పోతుందేమోనని. అరవై రెండు వేలు ఫీజు, పుస్తకాలూ యూనిఫాం అక్కడే కొనాలి, బస్సు వేరే. అంత పోసి కొనుక్కుంటూ కూడా వాళ్లేదో దయ తలుస్తున్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను. బజార్లో వంకాయలు కొనేటప్పుడు పుచ్చుందేమోనని ఒకటికి నాలుగు తిప్పి చూసేదాన్నే మరి.

ఐదో బడి మా ఇంటికి నడిచి నాలుగు నిమిషాలు. మునిసిపల్ ప్రాథమిక పాఠశాల. పదకొండేళ్లుగా ఆ వీధిలో ఉంటూ, ఓటేయడానికి తప్ప ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. ఓటేసే గదే ఒకటి, రెండు తరగతుల గది అని ఈసారి వెళ్తే గానీ తెలీలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారు వరండాలో బియ్యం బస్తాలు లెక్కపెట్టించుకుంటున్నారు. కూర్చోమనడానికి కుర్చీ వెతికారు. కాఫీ లేదు. అదే ప్రశ్న అడిగాను. "రండి, చూపిస్తాను" అని లేచి నడిచారు. నాలుగు బడులు తిరిగిన కాళ్లకి ఆ "రండి" అన్న మాట ఎలా వినిపించిందో చెప్పలేను.

ఆ టీచరు కొత్తగా వచ్చినావిడ, 2025 మెగా డీఎస్సీలో. 16,347 పోస్టులన్నారే, అందులో ఒకటి మా వీధి చివర పడింది. అంతకుముందు టీచరు పోస్టులు భర్తీ అయిన నోటిఫికేషన్ వచ్చింది 2018లో. మధ్యలో ఏడేళ్లు ఏం చేశారని అడిగితే, ప్రైవేటు బడుల్లో చెప్పానన్నారు. ఎన్ని బడులని నేను అడగలేదు. తాళ్ల రంగులు నాకు తెలుసు.

గదిలో ఇరవై ముగ్గురు, రెండు తరగతులు కలిపి. రెండో తరగతి వాళ్లని గోడవైపు కూర్చోబెట్టి ఏదో రాయమని, ఒకటో తరగతి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారావిడ. ముందు చింతగింజల కుప్ప. ఒక్కొక్కరూ గుప్పెడు తీసుకుని లెక్కపెట్టాలి, పదైతే ఒక వరస. ఒక బుడతడు పదకొండు పేర్చాడు. తప్పని ఆవిడ అనలేదు. పక్క వరసకి ఆనించి వాడి వరస జరిపారు. ఒక గింజ బయటికి పొడుచుకొచ్చింది. వాడు దాన్ని కాసేపు చూసి, తీసి, కొత్త వరస మొదలుపెట్టాడు. తర్వాత పుస్తకం తెరిచారు. మన ప్రభుత్వ పుస్తకాలు కొన్నేళ్లుగా ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిషు. పాఠం ముందు తెలుగు పేజీలో చదివి, కథంతా మాట్లాడుకుని, ఆ తర్వాత ఇంగ్లిషు పేజీకి వేలు జరుపుతున్నారు పిల్లలు.

మర్నాడు పాపని తీసుకెళ్లాను. ముందే చెప్పాలి, నేనేమీ నేర్పి తీసుకెళ్లలేదు. టీచరు చీర పట్టుకుని చూసి "ఇది వంకాయ రంగు" అంది, అదోరకం మొండితనంతో. "ఏ వంకాయ? పొడుగుదా, గుండ్రందా?" అన్నారావిడ. "గుత్తివంకాయ." "సరే. నీకూ నాకూ గుత్తివంకాయ, ఇంగ్లిషోళ్లు వస్తే పర్పుల్ అని చెబుదాం."

ఇంతవరకు చదివి, సర్కారు బడికి భజన చేస్తున్నానని అనుకోకండి. ఆ గంటన్నరలోనే టీచరు ఫోను మూడుసార్లు మోగింది. విద్యాశాఖ లీప్ యాప్‌లో ఏదో ఎక్కలేదని మండల ఆఫీసు నుంచి. చింతగింజలు అలా వదిలేసి ఇరవై నిమిషాలు వరండాలో సిగ్నలు కోసం తిరిగారు. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయి, తలుపుకి గడియ లేదు. బడి మొత్తానికి యాభై నలుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లు. మూడు, నాలుగు, ఐదు తరగతులు హెడ్‌మిస్ట్రెస్‌గారివే. చట్టం ప్రకారం అరవై మంది దాకా ఇద్దరు చాలు. ఐదు తరగతులకి ఇద్దరు మనుషులు ఎలా చాలుతారో ఆ లెక్క వేసినవారి పిల్లలు అలాంటి గదిలో కూర్చుని ఉంటే తెలిసేది. ఇద్దరిలో ఒకరిని ట్రైనింగ్‌కి పిలిచిన రోజు ఇక చెప్పేదేముంది. ఆమధ్య 117 జీవో పేరుతో చాలాచోట్ల మూడు నుంచి ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపేశారు. ఈ బడి పిల్లలూ వెళ్లారు. 2025లో ఆ జీవో రద్దయింది, తరగతులు వెనక్కొచ్చాయి. పిల్లలు కొందరు రాలేదు, దారిలో ప్రైవేటు బస్సెక్కేశారు. తరగతికో టీచరుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టామంటున్నారు. సంతోషం. తగినంతమంది పిల్లలు ఉంటేనే ఆ హోదా. పిల్లలుంటే టీచర్లనిస్తాం అంటుంది ప్రభుత్వం, టీచర్లుంటే పిల్లల్ని పంపుతాం అంటాం మేం. ముందు ఎవరు కదలాలో తేలక యాభై నాలుగు దగ్గర ఆగింది మా వీధి బడి.

హెడ్‌మిస్ట్రెస్‌గారిని ఇంకో మాటా అడిగాను, అడగకుండా ఉండాల్సింది. "మీ పిల్లలెక్కడ చదివారు మేడమ్?" ఆవిడ గోడ మీద గాంధీగారి పటం వైపు చూసి, ప్రైవేటులోనే అన్నారు. తప్పుపట్టే అర్హత నాకు లేదు. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లంతా తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదివించాలని 2015లో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. అది ఉత్తరప్రదేశ్ సంగతి, అక్కడే అమలు కాలేదు. పేపర్లో చదివి "భలే తీర్పు" అనుకున్న గుర్తు. నేనూ ప్రభుత్వ జీతం తీసుకునే మనిషినేనన్న ఆలోచనే అప్పుడు రాలేదు.

ఇంట్లో సంగతి. మా అత్తయ్యగారు ఒక్క మాటతో తేల్చేశారు: "ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ పిల్లని అక్కడ వేస్తే, చీటీపాటలో ఏదో పోగొట్టుకున్నారనుకుంటారు." అందులో నిజం లేకపోలేదు. మా ఆయన రోజూ విజయవాడ రైల్లో వెళ్లి వస్తారు, ఆయన భయం ఇంగ్లిషు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్వ్యూలో మాట రాక చెమటలు పట్టిన మనిషి. ఆ భయాన్ని వేళాకోళం చేయను. మాతృభాషలోనే చదవాలని పేపర్లో వ్యాసాలు రాసేవారి మనవలు ఎక్కడ చదువుతున్నారో మా పోస్టాఫీసువాళ్లకి తెలుసు, పచ్చళ్ల పార్సిళ్ల మీద చిరునామాలు మేమే సరిచూస్తాం. వీలైనంతవరకు బోధన పిల్లల ఇంటి భాషలో ఉండాలని చట్టంలోనే 29వ సెక్షన్ కింద రాసి ఉంది. ఆ 'వీలైనంతవరకు' అన్న మాట పట్టుకుని అందరం తప్పించుకున్నాం. నాకూ మా పాపకి ఇంగ్లిషు రావాలనే ఉంది. నా అభ్యంతరం ఇంగ్లిషు మీద కాదు. వంకాయని తీసేసి ఆ ఖాళీలో పర్పుల్ పెడతామంటే ఒప్పుకోను. వంకాయ పక్కన పర్పుల్ పెట్టే మనిషి కావాలి. ఆ మనిషి ఏ బడిలో ఉందో చూసుకోవడమే తల్లిదండ్రుల పని. మనం ఆ పని మానేసి బస్సుకి ఏసీ ఉందో లేదో చూస్తున్నాం.

ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు 2025 జూన్‌లో పడింది, బిడ్డకి 13 వేలు, ఏ బడి అయినా సరే. ఆ వారమంతా మా కౌంటరు ముందు తల్లుల వరస. వేలిముద్ర వేసి డబ్బు తీసుకుని, అక్కడే నిలబడి లెక్కపెట్టుకుని, "ఇప్పుడు బడికెళ్లి కట్టేస్తానమ్మా" అని వెళ్లినవాళ్లు ఎందరో. ఇవ్వొద్దని నేనను. కానీ ప్రజల డబ్బు ఇంత వెళ్తున్నప్పుడు, ఆ బడులనీ ఒక మాట అడగొచ్చు కదా. గుర్తింపు పునరుద్ధరణకి ఫైర్ సర్టిఫికెట్ అడుగుతారు, భవనం గట్టిదని కాగితం అడుగుతారు. పోయినేడాది టీచర్లలో ఈ ఏడాది ఎందరు మిగిలారు, వాళ్లకి పన్నెండు నెలల జీతం బ్యాంకులో పడిందా అని అడిగినట్టు నేను వినలేదు. సీబీఎస్ఈ బడులు టీచర్ల వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. వెబ్‌సైటు ఎవరు చూస్తారు, గేటు మీద పెట్టించండి. ప్రైవేటైనా, మునిసిపల్ అయినా. ఒకటి నుంచి ఐదు దాకా ఏ తరగతి ఎవరిది, ఆవిడ ఏం చదివారు, ఈ బడికి వచ్చి ఎన్నేళ్లయింది. ఐదు వరసల బోర్డు. ర్యాంకుల ఫ్లెక్సీ ఖర్చులో పదో వంతు కూడా కాదు. అటూ ఇటూ ఇది ఇబ్బంది పెడుతుందనే నా నమ్మకం. ప్రైవేటు బోర్డు మీద ఎన్నేళ్లయిందన్న చోట ప్రతి జూన్‌లోనూ "కొత్త" అనే ఉంటుంది. సర్కారు బోర్డు మీద ఒకే పేరు మూడుసార్లు రాయాల్సి వస్తుంది.

చివరికి మా ఆయనకీ నాకూ ఒప్పందం కుదిరింది. ఒక ఏడాది మునిసిపల్ బడి. వచ్చే మార్చికి పాప తనంతట తాను ఒక పేజీ చదవగలగాలి, తెలుగుదో ఇంగ్లిషుదో. లేకపోతే ఆయన చెప్పిన బస్సు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చి వచ్చాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు రిజిస్టరులో రాసుకుంటూ "యాభై ఐదు" అన్నారు పైకే. నాకు ధైర్యంగా ఏమీ లేదు. ఎనిమిదేళ్లకి గానీ ఆ టీచరుకి తప్పనిసరి బదిలీ రాదని లెక్కేసుకున్నాను, అంతలోనే పిల్లలు తగ్గితే మిగులు కింద చూపించి ఎప్పుడైనా పంపేయొచ్చని గుర్తొచ్చింది. మరుగుదొడ్డి తలుపుకి గడియ మాత్రం మా ఆయన తెచ్చి బిగించారు, ఆదివారం పూట, స్క్రూడ్రైవరు మా ఇంటిదే.

నాలుగో బడి నుంచి ఆ అమ్మాయి ఇప్పటికీ ప్రతి శనివారం ఫోన్ చేస్తుంది. సీట్లు అయిపోతున్నాయి మేడమ్, ఈ నెలాఖరు దాకా రిజిస్ట్రేషన్ ఫ్రీ మేడమ్. పోయిన శనివారం నవ్వుతాలకే అన్నాను: "ఒకటో తరగతి టీచరు ఎవరో తేలిందామ్మా?"

కాసేపు పలకలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నేనే మేడమ్" అంది. పోయినేడు రెండో తరగతి చెప్పిందట. వేసవిలో టీచర్లందరినీ ఇలా ఫోన్ల మీద వేస్తారట, మనిషికి పది అడ్మిషన్లు.

"మరి మే నెల జీతం ఇస్తారా?"

"పది పూర్తయితే ఇస్తామన్నారు మేడమ్. ఆరొచ్చాయి. మీ పాపతో ఏడు."